తల మీదుగా చెవి అందాలి

ఈరోజు మదనపల్లెలో మా పాపను ఎల్‌కేజీలో చేర్పించడానికి వెళ్లాను. పిల్లలు తమ పేరు చెప్పాలని, రంగులు గుర్తుపట్టాలని, బొత్తాలు సొంతంగా పెట్టుకోవాలని గోడ మీద చార్టు అంటించి ఉంది.

మన చిన్నప్పుడు బడిలో చేరాలంటే ఒక్కటే పరీక్ష, గుర్తుందా? కుడిచెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోవాలి.

పుంగనూరు బడిలో నాకు అందలేదు. "వచ్చే ఏడు పిల్చుకోని రామ్మా" అన్నాడు అయ్యవారు మా అమ్మతో. అప్పుడే వెనకనుంచి చిన్న చిన్న వేళ్లు నా మణికట్టు పట్టుకుని మెల్లగా లాగాయి. చల్లగా, ఆముదం వాసనతో. చెవి అందింది. తిరిగి చూస్తే సున్నం గోడ.

దారిలో చెబితే అమ్మ నిలబడిపోయింది. "మీ అక్కేమోరా" అంది. బడిలో చేరకముందే జ్వరంతో పోయిన అక్క. తన కోసం కొన్న పలకే నా చేతిలో ఉంది.

ఈరోజు పరీక్ష అయ్యాక పాప క్లాసు గదిలోంచి వచ్చింది. పొద్దున హడావిడిలో నేను పెట్టడం మరిచిపోయిన గౌను వెనక బొత్తాలన్నీ పెట్టి ఉన్నాయి. వాటి మీద ఆముదం జిడ్డు.

"మిస్సు పెట్టిందా?"

"కాదు నాయనా, అక్క. ఆడ గోడకాడ నిలబడుకోని ఉండాది సూడు."

చూశాను. ఎవరూ లేరు.

"ఆ అక్కను ఎవురూ బడిలో సేర్పించలేదంట. మనం సేర్పిద్దామా నాయనా?"