పక్క సీటు

చిట్టికి ఆ పేరు పెట్టింది అక్కే. తల్లి పోయేనాటికి చిట్టి ఇంకా బడికి కూడా వెళ్ళడం లేదు. జడలు వేయడం దగ్గర్నుంచి కాలేజీ ఫీజు కట్టడం దాకా అన్నీ అక్కే చూసుకుంది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో అక్కకు ఇస్త్రీ పని. చిట్టి చదువు ముగించి, సబ్బులూ పౌడర్లూ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ప్రకటనలు రాసే ఉద్యోగంలో చేరింది. చెల్లెలు ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, "మాటలు రాస్తుంది" అని అక్క గొప్పగా చెప్పుకునేది.

ఆ ఏడు కంపెనీ చెమట వాసన పోగొట్టే పౌడరు ఒకటి తెచ్చింది. డబ్బా ముచ్చటగా ఉంది, వాసన హాయిగా ఉంది, కొనేవాళ్ళే లేరు. పూలతోటలో పరుగెత్తే అమ్మాయి బొమ్మతో వేసిన ప్రకటనను ఎవరూ పట్టించుకోలేదు. యజమాని చిట్టిని పిలిచాడు.

"అందరికీ అమ్మాలని చూస్తే ఎవరికీ అమ్మలేమమ్మా. ఇది ఎవరికి కావాలో ముందు కనుక్కో. వాళ్ళు ఎక్కడ తిరుగుతారో, దేనికి సిగ్గుపడతారో తెలుసుకుని రా. మిగతాది దానంతటదే వస్తుంది."

ఎక్కడికి వెళ్ళాలో చిట్టి పెద్దగా ఆలోచించలేదు. మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. పైన రేకులు, కింద తడి నేల, మధ్యలో ఊపిరాడనివ్వని ఆవిరి. ఆడవాళ్ళు మెడ మీది తుండుగుడ్డలు పిండి ఆరేసి, గోడవారన కూర్చుని అన్నాలు తింటున్నారు. చిట్టిని చూడగానే జరిగి చోటిచ్చారు. చిన్నప్పట్నుంచీ ఎరిగిన పిల్లే కదా. చిట్టి ఆ మాటా ఈ మాటా చెబుతూ బస్సు ప్రయాణం ఊసెత్తింది.

నోటికి మూత పడని ఒకావిడను అక్కడ గలగల అంటారు. ఆమే ముందు అందుకుంది. "నేనైతే కిటికీ పక్కనే కూర్చుంటానమ్మాయ్. గాలి కోసమనుకుంటారు అందరూ. నా గాలి అవతలికి పోవాలని."

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు సద్దుమణిగాక, దిండు గలీబులు మడతపెట్టే, చిట్టి పిన్నీ అని పిలిచే ఆవిడ నెమ్మదిగా అంది. "మొన్న ఒకావిడ నా పక్కన కూర్చుంది. కాసేపటికి లేచి ముందుకెళ్ళి నిలబడింది. దిగుతుందేమో అనుకున్నా. దిగలేదు."

అక్క తన గిన్నెలోని కూర తీసి పిన్ని పళ్ళెంలో వేసింది. చిట్టి మనసు కూడా చివుక్కుమంది. కానీ అదే క్షణంలో ఆమెకు ప్రకటన దొరికిపోయింది.

బొమ్మలో బస్సు కిక్కిరిసి ఉంటుంది. పని బట్టల్లో ఒక ఆడమనిషి కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. ఆమె పక్క సీటు మాత్రం ఖాళీ. నిలబడ్డవాళ్ళంతా మొహాలు అటు తిప్పుకుని ఉంటారు. కింద ఒకటే వాక్యం: "మీ పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉందో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఫ్యాక్టరీలవైపు వెళ్ళే బస్సులన్నిటిలోనూ దాన్ని అంటించారు. అక్కడి చిల్లర దుకాణాల్లో పౌడరు డబ్బాలు నిలవడం లేదు. యజమాని ఆఫీసులో చిట్టిని అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే అక్క, "చూశానే" అని, పొయ్యి మీద పాలు పొంగుతాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక సాయంత్రం చిట్టి ప్రెస్సు పని చూసుకుని లాండ్రీ మీదుగా వెళ్ళే బస్సెక్కింది. లాండ్రీ దగ్గర అక్కా వాళ్ళూ ఎక్కారు. సీట్లు ఉన్నాయి. ఒక్కరూ కూర్చోలేదు. మోచేతులు ఒంటికి అదుముకుని, వెనక తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు.

"సీట్లున్నాయిగా, కూర్చోండమ్మా. దారికడ్డం" అన్నాడు కండక్టరు.

"పర్లేదు బాబూ. పొద్దుణ్ణుంచీ నిలబడే ఉన్నాం, అలవాటే" అంది గలగల. ఆ గొంతులో గలగల లేదు.

వాళ్ళ తలల పైనే ప్రకటన. కూర్చున్న ఒకాయన దాన్ని చూశాడు, వాళ్ళను చూశాడు, పక్కాయన చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కా అని పిలవాలనుకుంది చిట్టి. కానీ తను కనబడకుండా తల దించుకుని, ఇల్లు ఇంకా దూరముండగానే ముందు తలుపు నుంచి దిగిపోయింది.

ఇంటికి చేరేసరికి అక్క కాళ్ళు కడుక్కుంటోంది.

"నిన్ను బస్సులో చూశానక్కా."

"నేనూ చూశాను. తల దించుకున్నావని పిలవలేదు."

"ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమనను? అందులో అబద్ధముందా? మేం చెప్పిందే కదా." అక్క పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది. "అన్నం తింటూ చెప్పుకున్న మాటే అది. మా పిల్లవని నీ ముందు చెప్పుకున్నాం."

"నా మీద కోపంగా ఉన్నారా అందరూ?"

"కోపం కాదే. ఇదివరకు రోజూ మీ చెల్లెలెలా ఉందని అడిగేవాళ్ళు. ఇప్పుడడగట్లేదు. నేను నొచ్చుకుంటానని. పిన్ని బస్సే మానేసింది. నడిచి వస్తోంది."

మర్నాడు చిట్టి యజమాని దగ్గరకు వెళ్ళి ప్రకటన తీసేయమని అడిగింది. "మనం వాళ్ళని భయపెట్టి కొనిపిస్తున్నాం సార్."

"భయపెట్టింది నువ్వే కదమ్మా. చక్కగా భయపెట్టావు" అన్నాడాయన. వెక్కిరింపు కాదు, మెచ్చుకోలే. ప్రకటన మాత్రం తీయించలేదు.

ఆ మధ్యాహ్నమే లాండ్రీకి వెళ్ళింది. గలగల ఎప్పటిలాగే జరిగి చోటిచ్చింది. "నా వల్ల తప్పు జరిగింది. మీరు నన్ను నమ్మి..." అని చిట్టి మొదలుపెట్టగానే, "వదిలెయ్యమ్మాయ్. తిన్నావా?" అంది. తర్వాత అందరూ కుళాయి నీళ్ళ గురించీ చెడిపోయిన మోటారు గురించీ మాట్లాడారు. తమ గురించి మాత్రం ఎవరూ పెదవి విప్పలేదు. పిన్ని పళ్ళెం కడుక్కొస్తానని వెళ్ళి, గంట కొట్టేదాకా తిరిగి రాలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది చిట్టికి.

వానాకాలం వచ్చేసరికి ఆ బొమ్మలు వెలిసిపోయాయి. వాటి మీద పళ్ళపొడి ప్రకటనలు వెలిశాయి. మొదట గలగల బస్సులో కూర్చోవడం మొదలుపెట్టింది, తర్వాత ఒక్కొక్కరే మిగతావాళ్ళు. చిట్టి ఉద్యోగం మానలేదు. మానే తెగువా లేదు, వెసులుబాటూ లేదు. కాకపోతే ఇప్పుడు ఎవరి దగ్గరకు వెళ్ళినా, "మీరు చెప్పింది ప్రకటనలో వాడుకుంటాం" అని ముందే చెబుతోంది. సగం మంది అక్కడే మాట ఆపేస్తారు. యజమాని విసుక్కుంటాడు.

పిన్ని మాత్రం మళ్ళీ బస్సెక్కలేదు. ఒక సాయంత్రం చిట్టి లాండ్రీ గేటు దగ్గర కాచుకుని, ఆమెతో కలిసి నడిచింది. మర్నాడూ వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. మూడో రోజు సందు మలుపులో పిన్ని ఆగింది.

"రేపట్నుంచి రాకమ్మా. అలిసిపోతావు."

అది జాలో, వద్దనడమో చిట్టికి అర్థం కాలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. సరే పిన్నీ అని తలూపి, ఆమె మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.