పుట్టలో ఉన్నది నాగమ్మ కాదు

మా పెరట్లో ఒక పుట్ట ఉంది. కొబ్బరి చెట్టుకూ వెనక గోడకూ మధ్య నా నడుమెత్తు లేచింది. అందులో నాగమ్మ ఉందని మా వీధి ఆడవాళ్ళు పోయిన ఏడాది ఆడి నెల, అంటే ఆషాఢమంతా, పాలు పోశారు, గుడ్లు పెట్టారు. అందులో ఉన్నది నాగమ్మ కాదని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసీ ఎందుకు నోరు మూసుకున్నానో, తర్వాత ఏం చేశానో చెప్తాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మాట బాగా లేకపోతే మారుస్తానంది. మార్చవద్దన్నాను.

తమిళనాడు రాజపాళయంలో కొండ వైపు ఊరు అయిపోయే చోట మా ఇల్లు. ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి రెండు చేశారు. ఒక సగం మాది, ఇంకో సగం మా మరిదిది. పెరడు నా వైపు వచ్చింది. మా ఆయన మిల్లులో పనిచేసి, గుండెనొప్పితో పోయి నాలుగేళ్ళయింది. నేను బ్యాండేజీ గుడ్డ చుట్టే పని చేస్తాను. కట్టలు ఇంటికే తెచ్చి పడేస్తారు, చుట్టి పెట్టాలి. వెనక గుమ్మంలో కూర్చుంటే వెలుతురు బాగుంటుంది. చెయ్యి దాని పని అది చేసుకుంటుంది, కన్ను ఊరికే ఉంటుంది కదా. అట్లా ఊరికే ఉన్న కన్నుకు ఇవన్నీ కనబడడం మొదలుపెట్టాయి.

బట్టలారేసే కంబం మీద ఒక తొండ. పొద్దున్నే అక్కడికి ఎక్కి, గొంతు ఎర్రగా చేసుకుని తల పైకీ కిందకీ ఆడిస్తుంది. మిల్లులో ఇట్లాంటి సూపర్‌వైజర్ ఒకడుండేవాడని మా ఆయన చెప్పేవాడు. కరివేపాకు చెట్టులో పచ్చపాము. అది కళ్ళు పొడుస్తుందని అందరూ అంటారు. మూడు నెలలు దాని పక్కనే కరివేపాకు కోసుకున్నాను, ఒక్కనాడైనా అది నా కళ్ళ వైపు చూడలేదు, దాని తొండపిల్లల వేట దానిది. కట్టెల కింద జెర్రిపోతు ఉంది. దాని పుణ్యాన ఎలుకలు నా గుడ్డ కట్టల మీద పళ్ళు పెట్టవు. పాములున్న పెరట్లో ఆడది ఒంటిగా కూర్చుంటుందా అని అడిగారు. కూర్చుంటుంది. కాఫీ కూడా తాగుతుంది.

అన్నిటికన్నా పెద్దది ఉడుము. ముక్కు నుంచి తోక చివరి దాకా నా చీర కుచ్చిళ్ళ పొడవుంటుంది. మొదట నా కోడి గుడ్లు దొంగిలించడానికి వచ్చింది. చీపురు విసిరాను. పారిపోలేదు. పొట్ట ఉబ్బించి, బుస్సుమని, ఇంకో గుడ్డు నోట్లో పెట్టుకుని, గొంతు ఆడిస్తూ మింగి, అప్పుడు నెమ్మదిగా నడిచి వెళ్ళింది. మా ఆయన పోయాక నేను నవ్వింది ఆ రోజే. తర్వాత నేనే ఒక గుడ్డు బట్టలుతికే రాయి మీద పెట్టడం మొదలుపెట్టాను. అది ఎండలో ఆ రాయి మీద పడుకుని ఒక కన్ను మూసి ఒక కన్నుతో నన్ను చూసేది. నేను కదలకుండా ఉంటే అదీ ఉండేది. చెయ్యి చాపితే దొరికేంత దూరంలో ఎన్నో పూటలు కూర్చున్నాం. ఒక్కసారీ చెయ్యి చాపలేదు.

ఒక మాట దాచకూడదు. పెళ్ళయిన కొత్తలో నేను ఉడుమును వండాను. మా ఆయన, మా మరిది కలిసి కొండ దగ్గర పట్టుకొచ్చారు. నడుంనొప్పికి మందన్నారు. మిరియాలు నూరి, నేనే వండి, నేనే వడ్డించాను. నేనూ తిన్నాను. కాబట్టి మా వీధి మగవాళ్ళకు ఉడుము కనబడితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక ఆడి నెల సంగతి. నెల మొదట్లో ఉడుము ఆ పుట్టను తవ్వింది. ఒక పగలంతా తవ్వింది. మధ్యాహ్నం మా తోడికోడలు, అంటే మరిది పెళ్ళాం, మునగాకు కోసుకోవడానికి మా వైపు వచ్చింది. పుట్ట బొరియలో తల, ఆ తలలోంచి రెండుగా చీలిన నాలుక ఆమెకు కనబడ్డాయి. మిగతా ఒళ్ళు లోపల ఉంది. నాగమ్మా అని అక్కడే చేతులు జోడించి, మునగాకు పడేసి పరుగెత్తింది. ఉడుముకూ చీలిన నాలుకే ఉంటుందని ఆమెకు తెలియదు. పాము తప్ప ఇంకేదీ పుట్టలో ఉండదని మా వాళ్ళందరి లెక్క.

సాయంత్రానికి ఉడుము బయటికి వచ్చి, బొరియను మట్టితో పూడ్చి, ముక్కుతో ఒత్తి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు అర్థమయింది. లోపల గుడ్లు పెట్టింది. మర్నాడు ఆడవాళ్ళు వచ్చి చూసి, సామి తలుపు మూసుకుంది, పూజ అడుగుతోంది అన్నారు.

మొదటి శుక్రవారం పది మంది వచ్చారు. పసుపు, కుంకుమ, పాలు, గుడ్లు. సంతోషంగా తలుపు తీశాను. నీళ్ళు కూడా తోడి ఇచ్చాను. అప్పుడు వీధి చివరి ఇంటి పెద్దామె, చోళపురం నుంచి కాపురానికి వచ్చిన ఆమె, మా తోడికోడలి చెవిలో ఏదో చెప్పింది. తోడికోడలు నా దగ్గరికి వచ్చి, కళ్ళు నేల మీద పెట్టి, పూజ అయ్యేదాకా నేను లోపల ఉంటే మంచిదంది. వెనక తలుపు కూడా మూసుకుంటే ఇంకా మంచిదంది. మొగుడు లేని ముఖం సామికి ఎదురు పడకూడదట.

మూసుకున్నాను. నా ఇంట్లో, నా పెరటి తలుపు, నా చేతితోనే. మూడు శుక్రవారాలు అట్లా చీకట్లో కూర్చుని గుడ్డ చుట్టాను. తలుపు సందులోంచి కుంకుమ వాసన, నవ్వులు వచ్చేవి. వాళ్ళు వెళ్ళాక బయటికి వచ్చి కొబ్బరి చిప్పతో పాల మట్టి గీకి పారేసేదాన్ని. పాలు ఇంకితే చీమలు పడతాయి. చీమలు లోపలికి వెళితే గుడ్లు మిగలవు. వాళ్ళు పెట్టిన కోడిగుడ్లను మాత్రం శనివారం పొద్దున ఉడుము వచ్చి మింగేది. డొప్ప కూడా ఉండేది కాదు. వాళ్ళు వచ్చి చూసి, సామి ఒప్పుకుంది అని చెంపలు వేసుకునేవారు.

నిజం చెప్పి ఒక్క మాటతో అందరినీ పంపేయవచ్చు. ఉడుము అంటే చాలు, ఆడవాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళ వెనకే మగవాళ్ళు గునపాలతో వస్తారు. అందుకే నోరు మూసుకున్నాను.

మూడో శుక్రవారం అయ్యాక తోడికోడలు సంతోషంగా ఒక కబురు తెచ్చింది. ఆడి పోయి ఆవణి నెల పుట్టగానే కొత్తనారు వస్తాడట, మేస్త్రీని మేము అట్లాగే అంటాం. పుట్ట చుట్టూ సిమెంటు గద్దె కట్టి, పైన రేకు వేసి, గేటు పెడతారట. వీధి నుంచి నేరుగా రావడానికి మా వెనక గోడ కొట్టి దారి చేస్తారట. నన్ను అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చింది. సిమెంటు పడితే గుడ్లు లోపలే సమాధి. గేటు పడితే నా పెరట్లోకి నేను ఎవరిని అడిగి వెళ్ళాలి?

ఆ వారమంతా గుడ్డ వంకరగా చుట్టాను. రెండు కట్టలు తిరిగి పంపారు. ఆలోచిస్తూ ఉంటే నాకు ఒకటి తట్టింది. వాళ్ళ చట్టం వాళ్ళే నాకు చెప్పారు. నా ముఖమే ఎదురు పడకూడదంటే, నేను తాకితే ఇక సామి ఉండదు. సరే మరి.

ఆడి చివరి శుక్రవారం అందరూ వచ్చారు, ఈసారి ఇరవై మందికి తక్కువ లేరు. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చి పుట్ట పక్కన నిలబడ్డాను. మా తోడికోడలు గబగబా వచ్చింది.

“అక్కా, లోపలికి పోండి. అందరూ చూస్తా ఉండారు.”

“చూడనీ. చూసేదానికే కదా వచ్చినారు.”

వీధి చివరి పెద్దామె ముందుకు వచ్చింది. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“ఇదో చూడు తల్లీ, నీ మంచికే చెప్తా ఉండాను. మొగుడు పోయిన చెయ్యి పడితే సామి ఆ పుట్టలో ఉండదు. లేచి పోతాది.”

“నిజంగా పోతాదా?”

“పోతాది. నా కళ్ళతో చూసినాను.”

“అట్లైతే నా చెయ్యి మీ సామి కన్నా పెద్దది అవ్వా.”

అని, ఆమె పళ్ళెంలోంచి పసుపు తీసుకుని, రెండు చేతులకూ పూసుకుని, పుట్టను కౌగిలించుకున్నట్టు పట్టుకున్నాను. పైనుంచి కింద దాకా పూశాను. మిగిలింది నా ముఖానికి పూసుకున్నాను. నాలుగేళ్ళయింది ఆ చల్లదనం తగిలి. ఒకామె చేతిలో పాల చెంబు వంగి, పాలన్నీ ఆమె కాళ్ళ మీదే పోయాయి. పెద్దామె పళ్ళెం తీసుకోకుండానే వెనక్కి తిరిగింది. ఒక్కొక్కరూ వెళ్ళారు. మా తోడికోడలు అందరికన్నా చివర వెళ్ళింది, వెళ్తూ ఏడ్చింది. ఆమె మీద మాత్రం నాకు జాలి కలిగింది. ఆమె నాగమ్మను నిజంగా నమ్మింది. పెళ్ళయి పన్నెండేళ్ళు, పిల్లలు లేరు. ఆ పుట్ట దగ్గర ఏం అడిగిందో నాకు తెలుసు. అయినా చేశాను. మళ్ళీ అయినా చేస్తాను.

పొద్దు వాలకముందే మా మరిది వచ్చాడు. పెరట్లోకి వచ్చి పుట్ట చుట్టూ తిరిగి, వంగి నేల చూశాడు. ఉడుము నడిచిన చోట తోక గీత పడుతుంది, గీతకు రెండు వైపులా గోళ్ళు పడతాయి. ఆ గీత ఏమిటో వాడికి తెలుసు. కొండ దగ్గర నేర్చుకున్నవాడు.

“వదినా, దీంట్లో ఉండేది ఏంది?”

“నా పెరట్లో ఉండేది నాది.”

“ఉడుమా?” అన్నాడు. గొంతులో అప్పుడే మిరియాల వాసన వచ్చింది.

“నేను చెప్పను. నువ్వు గునపం ఎత్తినావంటే నేను బస్సు కూడా ఎక్కను, నడిచే పోయి ఫారెస్టు ఆఫీసు ముందర కూర్చుంటాను. వాళ్ళు ఎవరిని పట్టుకపోతారో పట్టుకపోనీ.”

వాడు నేల మీంచి తల ఎత్తి నన్ను చూశాడు. నా ముఖాన పసుపు ఇంకా ఉంది.

“అన్న ఉండింటే ఇట్ల మాట్లాడుండరు మీరు.”

“అన్న ఉండింటే వండి పెట్టిందును. అన్న లేడు.”

వాడు వెళ్ళాడు. నిజానికి ఫారెస్టు ఆఫీసు ఎక్కడుందో నాకు ఆ రోజుకు తెలియదు. మర్నాడే అడిగి తెలుసుకుని, దాని ముందు దాకా నడిచి చూసి వచ్చాను, అవసరం పడితే దారి తప్పకూడదని.

ఆవణి వచ్చింది, కొత్తనారు రాలేదు. సామి లేచిపోయిన పుట్టకు గద్దె ఎవరు కడతారు? వీధిలో నాతో మాట్లాడడం మానేశారు. కొళాయి దగ్గర నా బిందెకు ముందూ వెనకా ఖాళీ వదులుతారు. నాకు నీళ్ళు తొందరగా దొరుకుతున్నాయి. ఒక ఇంట్లో ఆవు చచ్చిపోతే నా వల్లే అన్నారు. ఇంకో ఇంట్లో పిల్లవాడు పరీక్ష తప్పితే అదీ నా వల్లే. అంత పని చేసే చెయ్యి అయితే బ్యాండేజీ చుట్టుకుంటూ ఎందుకు కూర్చుంటుంది? కొళాయి దగ్గర అందరికీ వినబడేటట్టుగానే అడిగాను.

ఆ వానాకాలమంతా ఎక్కువ వాన పడినప్పుడు పుట్ట మీద ఎరువు సంచి కప్పాను, వాన తగ్గగానే తీశాను. మా మరిది రెండుసార్లు గోడ మీంచి తొంగి చూశాడు. రెండుసార్లూ నేను గుమ్మంలోనే ఉన్నాను. ఎక్కడికి పోతాను.

పంగుని నెలలో, ఉగాది నాళ్ళలో, రెండు రోజులు ఎండాకాలపు వాన పడింది. మూడో రోజు పొద్దున పుట్ట పక్కన చిన్న కన్నం తెరుచుకుంది. అందులోంచి జానెడు పిల్ల బయటికి వచ్చింది. ఒళ్ళంతా పసుపు చుక్కలు. నాలుక చాపి గాలిని తడిమి చూసింది. దాని వెనక ఇంకోటి. ఆ రోజు చుట్టే పని చెయ్యలేదు. మధ్యాహ్నం అన్నం కూడా వండుకోలేదు. అవి ఒక్కొక్కటీ గోడ ఎక్కి కొండ వైపు దిగే దాకా కూర్చుని చూశాను. ఒకటి నా కాలి మీంచి నడిచింది. గోళ్ళు సూదుల్లా గుచ్చుకున్నాయి.

ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు భయం లేదు. ఆ పుట్టలో మట్టి తప్ప ఏమీ మిగలలేదు. గునపాలు తెచ్చుకునేవాళ్ళు తెచ్చుకోవచ్చు, తవ్వుకోవచ్చు, నేనే నీళ్ళు తోడి ఇస్తాను. పిల్లలు ఎన్ని వచ్చాయని మా చెల్లెలి కూతురు రాయడం ఆపి అడుగుతోంది. తల్లి ఇప్పుడు ఎక్కడ పడుకుంటుందనీ అడుగుతోంది. ఆ రెండూ చెప్పనని రాయి అన్నాను.