అంటు పడిన సిరా సీసా

ఇప్పటికీ ఎవరైనా వేలి మీద ఓటు సిరా చూపించి మురిసిపోతుంటే నేను మొహం తిప్పుకుంటాను. ఓటు మంచిదే. ఆ సిరా దగ్గర మా వాళ్ళు చేసిన పాడుపని కళ్ళారా చూసినదాన్ని నేను.

నేను చింతామణి ఊరి ఆడపిల్లను. గుడిబండె దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చి, ఇద్దరు బిడ్డల తల్లినయ్యాక, దేశంలో మొదటిసారి అందరికీ ఓట్లొచ్చాయి. మా మామకు ఊళ్ళో పెద్దరికం ఉండేది. నెల రోజులు అరుగు మీద కూర్చుని, రాజులు పోయారు, ఇక రాజ్యం మనదే, అందరూ ఓటెయ్యాల అని వచ్చినవాడికల్లా చెప్పాడు. వినీ వినీ మా ఇంటి గోడలకు కూడా ఆ మాటలు నోటికొచ్చి ఉంటాయి.

మా పశువుల కొట్టం ఊడ్చేందుకు ఊరి బయటి కేరి, అంటే అంటరానివాళ్ళ వాడ నుంచి ఒకామె వచ్చేది. నా ఈడుదే. మా గడప దాటి లోపలికి రాకూడదు, నీళ్ళ తొట్టి తాకకూడదు. పేడ ఎత్తుతూ ఆమె కూడా మామ మాటలు వినేది. ఓట్ల ముందు రోజు నన్ను మెల్లగా అడిగింది.

“నాకూ ఒకటి ఉండాదంట గదమ్మా, నిజమేనా?”

“ఉండాది. నాకెంతో నీకూ అంతే,” అన్నాను.

“నాదని చెప్పుకునేదానికి ఒకటన్నా ఉండాది,” అని నవ్వింది.

పిల్లలు చదువుకునే శాలెలో ఓట్లు పెట్టారు. మర్నాడు ఆమె పెళ్ళినాటి చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, అందరికంటే ముందొచ్చి ఆడవాళ్ళ వరసలో నిలబడింది. మా ఇళ్ళ ఆడవాళ్ళం ఆమెకు నాలుగు బారల వెనక నిలబడ్డాం.

బల్ల దగ్గర సిరా రాసే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. సీసాలో పుల్ల ముంచి ఎడమచేతి వేలి మీద గీత గీస్తాడు, ఆ తర్వాతే ఓటు కాగితం ఇస్తారు. ఆమె వేలు చాపగానే అతని చేయి ఆగిపోయింది. ఏ కేరి అని అడిగాడు. చెప్పింది.

“నువ్వు ఇంటికి పోమ్మా. నీ ఓటు ఎవురో ఒకరు ఏస్తారులే.”

“ఎవురో ఏస్తే అది నాదెట్లయితాదప్పా? సిరా రాయండి.”

“పుల్ల నీకు తగిలి మళ్ళా సీసాలో పడితే ఎట్ల? ఎనకాల పెద్దోళ్ళు ఉండారు. వాళ్ళకేం రాసేది?”

ఛీ, చదువుకున్నవాడు, సర్కారు జీతం తినేవాడు. సిగ్గు లేకుండా అందరి ముందూ అన్నాడు ఆ మాట. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె చేయి చాపి సీసాలోని పుల్ల తీసుకుంది, తన వేలి మీద తనే గీత గీసుకుంది, పుల్లను జాగ్రత్తగా మళ్ళీ సీసాలో పెట్టింది.

“రాసుకుంటిని. కాయితం ఈండి,” అంది.

లోపలి నుంచి పెద్దాఫీసరు లేచొచ్చి, వేలు చూసి, కాగితం ఇప్పించాడు. ఆమె తెర వెనక్కి వెళ్ళి ఓటేసి వచ్చింది.

అసలు రోత అప్పుడు మొదలైంది. మగవాళ్ళ వరసలో ముందున్నది మా మామే. ఇంకో సీసా ఉందా అని అడిగాడు. లేదన్నారు. బాగేపల్లి నుంచి తెప్పించాలంటే పొద్దు గూకుతుందన్నారు. ఆయన భుజం మీది తువ్వాలు దులుపుకుని, “ఆ సిరా మాకొద్దు,” అని వెనక్కి తిరిగాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ కదిలారు. రాజ్యం మనదే అని నెల రోజులు ఊదరగొట్టిన మనిషి, ఒక పుల్లకు భయపడి ఆ రాజ్యాన్ని బల్ల మీదే వదిలేసి ఇంటికి పోయాడు.

మా అత్త నా రెక్క పట్టుకుని లాగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. విదిలించుకుని వెళ్ళి వేలు చాపాను. ఆ మరక పోయేదాకా నాకు వంటింట్లో అడుగు పెట్టే భాగ్యం లేకపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ సెలవు బాగానే ఉండింది. ఆమెకు మాత్రం మా కొట్టంలో పని పోయింది. మామ రావద్దన్నాడు. పేడ ఆయన ఎత్తలేదు, నేనే ఎత్తాను.

అయిదేళ్ళకు మళ్ళీ ఓట్లొచ్చాయి. ఈసారి మా వాళ్ళంతా పొద్దున్నే నవ్వుకుంటూ బయల్దేరారు. ఎందుకో శాలెలోకి వెళ్ళాక అర్థమైంది. బల్ల మీద రెండు సిరా సీసాలున్నాయి, ఒకదాని మెడకు దారం కట్టి ఉంది. ఊరి పెద్దలు అడిగారట, ఆఫీసర్లు పెట్టారట. తప్పని ఒక్కరికీ అనిపించలేదు.

ఆమె నాకు ముందే ఉంది. గుమాస్తా దారం కట్టిన సీసాను ఆమె వైపు జరిపి, రాసుకోమన్నాడు. ఆమె రెండు సీసాలనూ చూసింది.

“లోపల ఓట్ల డబ్బాలు గూడా మాకు వేరే పెట్టిండారా అప్పా?”

“లేదు. అందరికీ అవే.”

“మరి నా కాయితం పోయి మీ కాయితాల మీదనే పడతాది గదా. దానికేం చేస్తారు?”

ఆమె గీత గీసుకున్నాక అతను ఓటు కాగితాన్ని ఆమె చేతికి ఇవ్వకుండా బల్ల అంచున పడేసి, తీసుకోమన్నాడు.