అందరి కంప్యూటర్లలో అమ్మ కేక

మాది ఆగిరిపల్లి దగ్గర పల్లెటూరు. రెండేళ్ల క్రితం మామిడి కాపలా రోజుల్లో, ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల ఓ కంప్యూటర్ అలారం ప్రోగ్రామును నాన్న ఫోన్లో పనిచేసేలా మార్చాను. తోటలో కునుకు తీస్తున్న నాన్న దాని గంటకి లేవలేదు. "నీ గంట వింటుంటే ఇంకా నిద్రొస్తోందిరా" అన్నారు. గంట తీసేసి అమ్మ కేక రికార్డు చేసి పెట్టాను. నాన్న ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు!

నెట్‌లో పెట్టిన నా ఫోన్ వెర్షన్ నచ్చి, ఆ ప్రోగ్రాము చూసుకునే విదేశీయులు దాన్ని అసలు ప్రోగ్రాములోనే కలిపేద్దామన్నారు. ఇక నా కాళ్లు నేలమీద ఆగలేదు. "ప్రోగ్రాములో ప్రతి లైనూ సరిచూశాను" అని గొప్పగా రాసి పంపాను.

కలిపిన రోజు అందరం వీడియో కాల్‌లో ఉన్నాం. వాళ్ల పెద్దాయన అలారం మోగించి చూద్దామన్నారు. అందరి కంప్యూటర్లూ ఒక్కసారే అరిచాయి.

"లేవండి! తోటంతా కోతులు పీకేస్తుంటే ఆ గురకేంటండీ?"

అమ్మ కేక తీసి గంట పెట్టడం మరిచిపోయాను! ఒకావిడ హెడ్‌ఫోన్స్ పీకి పడేసింది. పెద్దాయన "అక్కడ ఎవరికైనా ప్రమాదమా?" అని కంగారుపడ్డారు. అమ్మ, నాన్న, కోతులు... నా వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా చెప్పేసరికి చొక్కా తడిసిపోయింది. ఆ పూటే గంట తిరిగి పెట్టాను. "సరిచూశాను" అనే మాట మళ్లీ ఎవరికీ రాయలేదు.

కాల్ అయ్యాక, తన గొంతు విని వంటింట్లోంచి వచ్చిన అమ్మకి జరిగింది చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే.

"మరి లేచారా వాళ్లు?"