ఆశన్న ముక్కు, మిల్లు చెత్త

ఆశన్న ఏ వస్తువునైనా ముందు ముక్కుతో చూసి, తర్వాతే కంటితో చూసేవాడు. గద్వాల రైలు స్టేషను పక్కనున్న పల్లీనూనె మిల్లులో ఆయన చెత్త జమాదారు. ఏది పనికొస్తుంది, ఏది పారేయాలి అన్నది తేల్చడం ఆయన కొలువు. గుప్పెడు గింజలు తీసి, గట్టిగా పీల్చి, కళ్లు మూసుకుని "ముక్కింది!" అనేవాడు. ఆశన్న ముక్కు పెట్టాక ఏదైనా ముక్కిపోవాల్సిందే.

కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇంజను గదిలో ఉన్నాడనుకుంటే పొట్టు కుప్ప దగ్గర తేలేవాడు, అక్కడికి వెళ్లి చూస్తే గానుగల మధ్య పంచె ఎగదోపుకుని పరుగెడుతుండేవాడు. పెళ్లికి పిలిస్తే తిన్నగా వంటల పందిట్లో దూరి గుండిగలన్నీ వాసన చూసేవాడు. ఒకసారి పెళ్లికొడుకు పూసుకున్న అత్తరు పీల్చి "జర ముక్కింది" అన్నాడు. కట్నకానుకల దగ్గర అప్పటిదాకా కొట్టుకుంటున్న రెండు వైపులవాళ్లూ ఏకమై ఆయన్ను బండెక్కించారు. ఇంట్లో భార్య "కూరెట్లుంది?" అని అడగడం ఎప్పుడో మానేసింది.

మిల్లు యజమాని బాలకిష్టయ్యకు మాత్రం ఆ ముక్కంటే గర్వం. తన మిల్లులో ఏదీ ఊరికే పోకూడదన్నది ఆయన పట్టు. పొట్టు బాయిలరు కిందికి పోవాలి. బూడిద పొలాలకు, నూనె పిండగా మిగిలిన చెక్క బర్రెలకు, నూనె అడుగున దిగిన మడ్డి బండి ఇరుసులకు. "పొగ కొనేటోడు దొరికితే దాన్ని గూడ సంచులకు నింపుదు" అనేవాడు. బాయిలరు తినగా మిగిలిన పొట్టును, గింజలు చెరిగే ఆడవాళ్లు పొయ్యిలోకి మోసుకెళ్లేవాళ్లు. వాళ్లంతా వానలు లేక ఉప్పునుంతల వైపు నుంచి కూలికి వచ్చినవాళ్లు. రైలు పట్టాల అవతల గుడిసెలు వేసుకున్నారు. అసలే యుద్ధకాలం, జొన్నలు కూడా కంటికి కనబడని రోజులు.

ఆ ఏడే మిల్లులో ముక్కిన గంపలు ఎక్కువయ్యాయి.

"ఇదేంది ఆశన్నా! మొన్ననే చేను నుంచి వచ్చిన గింజలాయె!"

"చేన్లనే ముక్కినయ్, సావుకారి."

"నాకేం వాసన వస్తలేదే?"

"నీకే వస్తే నాకు జీతమెందుకిస్తవ్?"

బాలకిష్టయ్య గుప్పెడు గింజలు తీసి మళ్లీ వాసన చూసుకునేలోపే, ఆశన్న గంప ఎత్తుకెళ్లి పొట్టు కుప్పలో బోర్లించేసేవాడు. సావుకారుకు అన్నం సయించడం మానేసింది. కూర్చుంటే లేచేవాడు, లేస్తే పచార్లు చేసేవాడు. చివరకు ఆయన కూడా ఆశన్నలాగే మిల్లంతా గిరగిరా తిరగడం మొదలుపెట్టాడు.

అట్లా తిరుగుతుంటే ఒక మధ్యాహ్నం కమురు వాసన తగిలింది. బాలకిష్టయ్య ముక్కుకు బిరుదులేమీ లేవు. అయినా అది ఇట్టే పసిగట్టింది. పరుగున వెళ్లి చూస్తే, ఎవరో వేడి బూడిద పోసినట్టున్నారు, పొట్టు కుప్పలోంచి పొగ లేస్తోంది. దానికి వీపు పెట్టి నిలబడి ఆశన్న ఒక గంపను తీరిగ్గా వాసన చూస్తున్నాడు.

"ఆశన్నా! ఏమన్న వాసనొస్తుందా?"

ఆశన్న ఆకాశం వైపు ముక్కెత్తి గుండెల నిండా పీల్చాడు. "ఏమొస్తది సావుకారి? సల్లటి గాలి."

"సల్లటి గాలి కాదయ్యా, నీ పంచె కాలుతుంది!"

చెరిగేవాళ్లలో పెద్దది ఈరమ్మ. కడవెడు నీళ్లు తెచ్చి ఆశన్న మీద కుమ్మరించి, "రాండ్రి!" అని కేక పెట్టింది. ఆడవాళ్లంతా బావికీ కుప్పకూ వరుస కట్టారు. ఇంకాసేపైతే మంట పక్కనున్న నూనె పీపాలకు అంటుకునేది. దగ్గుతూ, తిట్టుకుంటూ, చేతులు కాల్చుకుని ఆర్పారు.

తడిసిన బూడిదలో వేగిన గింజలు బయటపడ్డాయి. బాలకిష్టయ్య ఒకటి నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఇంకొకటి. ఆశన్న రెక్క పట్టుకుని ఇంజను గది చాటుకు లాక్కెళ్లాడు.

"ముక్కిన గింజలు గింత కమ్మగుంటయా?"

ఆశన్న మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. పంచె నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నాకు వాసన తెల్వదు, సావుకారి. చిన్నప్పుడు పెద్ద జరమొచ్చినప్పుడే పోయింది."

"మరి గిన్నేండ్లు కొలువెట్ల చేసినవ్?"

"కంటితోనే. ముక్కు ఊరికె ముందు పెడ్త."

"అయితే ఈ గంపలు?"

"చెరిగేటోళ్లు ఉత్త అంబలి నీళ్లు తాగి పనికొస్తుండ్రు. మొదట ఒక గంప ఇస్తనంటి. 'మేమేమన్న అడుక్కతిన వచ్చినమా?' అని ఈరమ్మ నా నెత్తి మీదనే బోర్లించె. ఇస్తే తీసుకోరు సావుకారి. పారేస్తే ఏరుకుంటరు."

బాలకిష్టయ్యకు కోపం గొంతుదాకా వచ్చింది. "రేపటి నుంచి రాకు" అనబోయాడు. అప్పుడే గోడ పక్కగా ఈరమ్మ కనబడింది. కాలిన వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో బూడిదలో గింజలు ఏరుతోంది. పీపాలు అంటుకుని ఉంటే ఈపాటికి తానూ బూడిదే ఏరుకుంటూ ఉండేవాడు. వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, లోపలికి పోయి మంచి గింజల సంచి ఒకటి ఈడ్చుకొచ్చి కుప్ప దగ్గర పడేశాడు.

"ఈరమ్మా! ఈ చెత్త గూడ తీస్కపోండ్రి. మిల్లంత అడ్డమైతుంది!"

ఈరమ్మ సంచిలోకి తొంగి చూసింది. సావుకారును చూసింది. తడిసి ముద్దయి వణుకుతున్న ఆశన్ననూ చూసింది.

"గింత చెత్త నెత్తిన మోస్తే మా మెడలేం గావాలె, సావుకారి? అడ్డమైతే బండి పెట్టియ్యి."

సొంత బావమరిదికి కూడా బండి ఇవ్వని మనిషి బాలకిష్టయ్య. అయినా "మాసయ్యా, ఎడ్లు కట్టు!" అని బండి తోలేవాణ్ని కేకేశాడు.

సంచి ఎక్కింది, పొట్టు ఎక్కింది, ఆడవాళ్లూ ఎక్కారు. సంచి మూతి రెండు చేతులా బిగించి పట్టుకుని ఈరమ్మ మాసయ్యను గద్దించింది:

"జర పైలంగ తోలు. చెత్త ఒలికిపోతది!"