ఏడిస్తే తీసుకుపోతాను

ఆగస్టు నెలంతా నేను ఊరి పిల్లలకి బడి బట్టలు కుట్టాను. కొండల మధ్య టౌను కొచ్కోర్‌లో మా కుట్టు కార్ఖానాకి ఏడాదిలో గిరాకీ అంతా ఆ నెలలోనే. తెల్ల చొక్కా, నల్ల స్కర్టు, మళ్ళీ తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. కళ్ళు మూసుకున్నా అవే కనిపించేవి. సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి, పొయ్యి వెలిగించి, మా వాడు ఎల్దియార్‌కి ఇంత తిండి పెట్టి, అప్పుడు మళ్ళీ మిషను ముందు కూర్చునేదాన్ని, మా అమ్మాయి బట్టలు కుట్టడానికి. కార్ఖానాలోనే కుట్టుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ పక్క మిషను మీద నూరిలా ఉంటుంది. దాని నోరు ఊరుకోదు. "ఎవరికే జుమాగుల్, మీ అత్తగారి కూతురికా?" అని పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు భరించే ఓపిక నాకు ఆ నెలలో లేదు.

మా వైపు మొదటి బిడ్డ అత్తమామల బిడ్డ. ఎవరూ అడిగి తీసుకోరు, ఎవరూ కాదనరు. పాలు మాన్పించగానే తీసుకుపోతారు. ఆ బిడ్డకి తాతే నాన్న, నాయనమ్మే అమ్మ. కన్నవాళ్ళు అన్నా వదినా అవుతారు. మా కుందుజ్‌కి ఇప్పుడు ఏడేళ్ళు. అది నా దగ్గర ఉన్నది నడక వచ్చేదాకానే. ఆ తర్వాత పండక్కీ పబ్బానికీ చూడటమే. చూసినప్పుడైనా దగ్గరకు తీసుకుందామంటే, పెద్దల ఎదుట కోడలు సొంత బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు. అత్తగారి పేరు కూడా కోడలు పలకకూడదు. ఇక్కడ రాయడానికీ నాకు చెయ్యి రావడం లేదు, అందుకే అత్తగారు అనే రాస్తున్నాను.

మా ఆయన ఎర్మెక్ కూడా అలా పెరిగినవాడే. వాళ్ళ నాయనమ్మని అమ్మా అని పిలుస్తూ పెరిగాడు. ఆవిడ పోయి చాలా కాలమైంది, అయినా కన్నతల్లిని ఇప్పటికీ వదినా అనే పిలుస్తాడు. పెళ్ళైన కొత్తలో ఆ పిలుపు విని నాకు తల తిరిగింది. తర్వాత అలవాటైపోయింది. కుందుజ్‌ని పంపించిన ఏడాది నేనొకసారి గొణిగితే, "నాకేం తక్కువైంది? బాగానే పెరిగాను కదా!" అన్నాడు. నిజమే, బాగానే పెరిగాడు. తనని ఇచ్చినప్పుడు కన్నతల్లికి, అంటే మా అత్తగారికి, ఎలా ఉండిందో అతనికి తెలియదు. నాకూ అడగాలని తోచలేదు.

ఈ ఏడు మామగారు ఒక మాటన్నారు. జుమ్‌గల్ వైపు వాళ్ళ పల్లెలో ఒకటో తరగతి టీచరమ్మ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిందట. చిన్న తరగతుల పిల్లలందర్నీ ఒకే గదిలో కూర్చోబెడుతున్నారట. "పిల్లని కొచ్కోర్ బడిలో వేయండి" అన్నారు. ఎర్మెక్ ఆ మాట చెప్పినప్పుడు నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. "సరే" అని ఊరుకున్నాను. మరీ సంబరపడితే అది అత్తగారి చెవిన పడుతుంది. పెద్దావిడ మనసు నొచ్చుకుంటే పిల్ల రాదు. దుంపలన్నీ అయ్యాక లేచి పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురు చూశానని అప్పుడు తెలిసింది నాకు.

ఆగస్టు చివర్లో అత్తగారూ పిల్లా వేసవి మేతకి వెళ్ళిన పచ్చిక కొండ మీదనుంచి దిగి వచ్చారు. అత్తగారి చేతిలో వెన్న డబ్బా, భుజాన ఎండు పెరుగు ఉండల సంచి. కుందుజ్ చెంపలు కొండగాలికి కందిపోయి ఎర్రగా ఉన్నాయి. గుమ్మంలో చెప్పులు విప్పి, నా వైపు చూసి, "బాగున్నావా వదినా?" అంది పెద్దమనిషిలా. తర్వాత దాహమేసి, "వదినా, కాసిని నీళ్ళిస్తావా?" అని అడిగింది. సొంత పిల్లలు నీళ్ళు అలా అడగరు. మా వాడైతే "అమ్మా, నీళ్ళు!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. ఆ మర్యాద నా గుండెలో గుచ్చుకుంది.

చొక్కా తొడిగి చూశాం. చేతులు మణికట్టు దాకా రానే లేదు. వేసవి మొదట్లో చూసిన చూపుతో కుట్టాను మరి. అత్తగారు ఆ చేతుల వంక చూసి, "మీ టౌను పిల్లల లెక్కన కుట్టినట్టున్నావమ్మా. ఇది కొండ మీద పాలు తాగి పెరిగిన పిల్ల!" అంది. నేను నవ్వాను, లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. ఊళ్ళో ఏ పిల్ల ఎదురొచ్చినా టేపు లేకుండా కొలత చెప్పగలను. నా పిల్ల చెయ్యి ఎంత పొడుగో నాకు తెలియలేదు. లోపల మడిచిన గుడ్డ ఉండబట్టి సరిపోయింది, విప్పి మళ్ళీ కుట్టాను.

నేను కుడుతుంటే పిల్లలిద్దరూ కంబళి మీద కూర్చుని వరసలు తేల్చుకుంటున్నారు.

"నువ్వు మా అక్కవంట కదా" అన్నాడు ఎల్దియార్.

"అక్కేంట్రా? మీ నాన్న నాకు అన్నయ్య. అంటే నేను నీకు మేనత్తని. నా మాట వినాలి నువ్వు."

"అయితే నాకు సైకిల్ కొనిపెట్టు. మేనత్తలే కొనిపెడతారు."

కుందుజ్ సంచిలోంచి ఒక పెరుగు ఉండ తీసి వాడి నోట్లో కుక్కింది. ఎర్మెక్ పడీ పడీ నవ్వాడు. అత్తగారు కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దాని వెంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. దారం తెంపే నెపంతో తల వంచుకున్నాను.

ఆ సాయంత్రం టీ దగ్గర అత్తగారు అసలు మాట బయటపెట్టింది. రొట్టె తుంచి మీగడలో ముంచుతూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"చూడు ఎర్మెక్, బడి మొదలైన రోజు పిల్ల ఏడవకపోతే ఇక్కడే ఉంచుకోండి. ఏడిస్తే మాత్రం తీసుకుపోతాను. అదే రోజు. బెంగపెట్టుకున్న పిల్లని చదువు పేరుతో చంపుకుంటామా?"

"సరే వదినా, నీ ఇష్టం" అన్నాడు ఎర్మెక్. అతనికి అదో పెద్ద విషయంలా కూడా అనిపించలేదు.

నేను టీ పోస్తున్నాను. కోడలు పోసేటప్పుడు గిన్నెలో కొంచెమే పోయాలి. పెద్దవాళ్ళు మళ్ళీ అందిస్తే మళ్ళీ పోయాలి, అదే మర్యాద. నిండా పోశామంటే, తాగేసి ఇక లేచి వెళ్ళమని. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి. నేను ఆ మాట వింటూ వింటూ అత్తగారి గిన్నె అంచుదాకా నింపేశాను.

ఆవిడ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. "ఏమ్మా, అప్పుడే పొమ్మంటున్నావా?"

"అయ్యో అత్తయ్యా, నిద్ర చాలక… చేతులు మాట వినడం లేదు" అన్నాను చివరికి. ఎర్మెక్ నా వైపు కొరకొరా చూశాడు. ఆవిడ మాత్రం ఆ గిన్నె రెండు చేతులా ఎత్తి, ఊదుకుంటూ చివరిదాకా తాగింది.

మంచం మీద నడుం వాల్చాక అనిపించింది, ఇది ఏం పందెం అని. ఏడేళ్ళ పిల్ల. పాలు మానినప్పటినుంచి పక్కలో పడుకున్న మనిషిని వదిలి, వదిన అనే ఒక మనిషి ఇంట్లో ఉండాలి. ఏడవకుండా ఎలా ఉంటుంది? ఏడవకపోతే అదేం పిల్ల? ఏడవకూడదని కోరుకునే నేను ఏం తల్లిని? ఆలోచించే కొద్దీ ఒళ్ళు మరింత బరువెక్కింది. పెద్దావిడ తెలిసే పెట్టింది ఈ షరతు, ఇవ్వకుండా ఇచ్చినట్టు ఉంటుందని, అనుకున్నాను. ఆవిడ మీద నాకు చాలా కోపం వచ్చింది.

సెప్టెంబరు ఒకటిన బడి ఆవరణంతా తెల్ల రిబ్బన్లే. మా పెరట్లో పూసిన డాలియాలు కోసి గుత్తి కట్టాను. జడలు మాత్రం అత్తగారు వేసింది. నేను దువ్వెన పట్టుకుంటే కుందుజ్ మర్యాదగా తల పక్కకి తప్పించింది. ఒకటో తరగతి పిల్లలంతా వరసలో నిలబడి, పెద్దవాళ్ళ చేతులు పట్టుకుని ఉన్నారు. మా పిల్ల అత్తగారి చెయ్యి పట్టుకుంది. నేను ఒక అడుగు వెనక నిలబడ్డాను, పూలతో.

టీచరమ్మ పడుచుపిల్ల. పిల్లల్ని పలకరించుకుంటూ మా దగ్గరికి వచ్చింది. "నువ్వు కుందుజ్‌వి కదూ? నాయనమ్మతో వచ్చావా? అమ్మ ఏది?"

"ఈమే మా అమ్మ" అంది కుందుజ్, అత్తగారి చెయ్యి ఊపుతూ.

"మరి ఆవిడ?"

కుందుజ్ వెనక్కి తిరిగి నన్ను చూసింది. "మా వదిన. మంచిది. చొక్కా తనే కుట్టింది."

చుట్టుపక్కల తల్లులు కొందరు నవ్వారు. వాళ్ళకి తెలియనిదేం కాదు, సగం ఇళ్ళల్లో ఉన్న కథే. అయినా నాకు తల కొట్టేసినట్టైంది. టీచరమ్మకి పూలివ్వమని గుత్తి కుందుజ్ చేతిలో పెట్టి, మళ్ళీ నా చోటికి వచ్చి నిలబడ్డాను. అత్తగారు తలగుడ్డ సర్దుకుంది.

అప్పుడు పై తరగతి అబ్బాయి ఒకడు ఒక చిన్నపిల్లని భుజాన ఎక్కించుకుని ఆవరణ చుట్టూ తిరిగాడు, ఆ పిల్ల చేతిలోని బడిగంట మోగించింది. వరసలో సగంమంది పిల్లలు రాగం అందుకున్నారు. ఒకడు తల్లి స్కర్టు వదలనంటే వదలనని కింద కూర్చున్నాడు. నేను గంట వైపు చూడనే లేదు. మా పిల్ల గడ్డాన్నే చూస్తున్నాను. అది వణికింది. పళ్ళతో పెదవి నొక్కిపెట్టింది. కళ్ళు పెద్దవి చేసి ఆకాశంలోకి చూసింది. తర్వాత టీచరమ్మ వెనక లోపలికి నడిచింది, ఏడవకుండా.

బడి వదిలాక అత్తగారు అక్కడినుంచే జుమ్‌గల్ టాక్సీ ఎక్కింది. పిల్ల రెండు చెంపలూ ముద్దు పెట్టుకున్నట్టు వాసన చూసి, ఎర్మెక్‌కి జాగ్రత్తలు చెప్పి, ముందు సీట్లో కూర్చుంది. నాతో, "సాయంత్రం ఫోన్ చేస్తా. ఏడ్చిందో లేదో దాచకుండా చెప్పాలి" అంది. కారు కదిలింది. కుందుజ్ చెయ్యి ఊపింది. ఒక్క చుక్క కూడా రాల్చలేదు. ఎర్మెక్, "చూశావా? నా పోలిక!" అన్నాడు గర్వంగా. నాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. ఇంటికి వచ్చి పిల్లలకి పాల టీ, నూనెలో వేయించిన పిండి ముక్కలు పెట్టాను. కుందుజ్ తిని, "చాలు వదినా, బాగున్నాయి" అని బయటికి వెళ్ళింది.

ఎంతసేపటికీ రాలేదు. ఎల్దియార్‌ని అడిగితే, "అత్త దాక్కుంది" అన్నాడు.

కట్టెల కొట్టు వెనక దొరికింది. గోడకి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నేను విప్పి పొడుగు చేసిన చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుంది. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది, చప్పుడు మాత్రం లేదు. నన్ను చూడగానే గబగబా మొహం తుడుచుకుంది.

"నేను ఏడవలేదు వదినా."

నేను పక్కన కూలబడ్డాను. "ఏడిస్తే ఏమైందే? ఏడు. ఎందుకిలా బిగబట్టుకోవడం? అమ్మ మళ్ళీ తీసుకుపోతుంది కదా నిన్ను."

"అమ్మే ఏడవద్దంది."

"ఏమంది?"

"నేను ఏడిస్తే నన్ను తీసుకుపోవాల్సి వస్తుందంట. అప్పుడు నువ్వు ఏడుస్తావంట. నన్ను చిన్నప్పుడు తీసుకెళ్ళిన రోజు నువ్వు కొండ మీద గుడిసె వెనక ఏడ్చావంట, అమ్మ చూసిందంట." వెక్కిళ్ళ మధ్య మాటలు విరిగి వస్తున్నాయి. "అన్నయ్యని ఇచ్చినప్పుడు అమ్మ కూడా అలాగే ఏడ్చిందంట. ఎవరికీ చెప్పలేదంట. నాకొక్కదానికే చెప్పింది. నువ్వు చాలా ఏడ్చావంట, నిన్ను ఇంక ఏడిపించొద్దంది."

పిల్లని లాక్కుని ఒళ్ళో వేసుకున్నాను. పెద్దలెవరూ లేరు అక్కడ, ఉన్నా వేసుకునేదాన్నే. అది ముందు బిగుసుకుపోయింది, తర్వాత ఒక్కసారిగా బరువంతా వదిలేసింది. గొంతెత్తి "అమ్మా, అమ్మా" అని ఏడ్చింది. ఆ పిలుపు నన్ను కాదు, ఆవిడనే. అయినా పిల్ల నా ఒళ్ళోనే ఉంది. నేనూ ఏడ్చాను. ఎందుకో సరిగ్గా తెలియదు. అలసట కూడా అందులో చాలా ఉంది.

జేబులో ఫోన్ మోగింది. పిల్ల మొహం నా గుండెకి అదుముకుని ఎత్తాను.

"ఏడ్చిందా?" అంది అత్తగారు, పలకరింపు కూడా లేకుండా.

"లేదు అత్తయ్యా. ఏడవలేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"మంచిది" అంది ఆవిడ. "నేనూ ఏడవలేదు."