దిగేటప్పటి గీత

తొమ్మిదేళ్లుగా ఒక గీత నా గుండెల మీద కూర్చుని ఉంది. గీసింది నేనే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అనంతపురంలో పరిశోధన చేస్తున్న రోజులవి. వెంట్రుక కంటే ఎంతో సన్నని సీసపు బిళ్ల మీద నా పని. ద్రవ హీలియంలో చల్లబరిస్తే దానిలో కరెంటు అడ్డే లేకుండా పారుతుంది. అయస్కాంత క్షేత్రం పెంచితే ఆ క్షేత్రం సుడులుగా, ఒక్కొక్కటే లోపలికి జొరబడుతుంది. ఒక్కో సుడికి గ్రాఫులో ఒక్కో మెట్టు. క్షేత్రం తగ్గిస్తూ మళ్లీ కొలవాలి. అప్పటికి హీలియం అయిపోయింది. బెంగళూరు నుంచి రావాలంటే ఇంకో నెల. ఎక్కేటప్పటి గీతనే కాపీ చేసి, దిగేటప్పటిదని నా వ్యాసంలోనూ థీసిస్‌లోనూ పెట్టేశాను. ఏం తేడా ఉంటుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అలా అనుకోవడం సుఖంగా ఉండిందా?

తర్వాత అదే బిళ్లను నాగవేణి కొలిచింది. గుమ్మఘట్ట అమ్మాయి, నా జూనియర్.

"అన్నా, తగ్గించేటప్పుడు లోపలికొచ్చిన సుడులు ఓ పట్టాన బయటికి పోవడంల్యా. నీ గీత అట్ల లేదే. నువ్వు కొలిచినావా?"

"కొలిచినా. నువ్వు తీగలు సరిగా అతికించినావో లేదో చూసుకో పాపా."

గైడుకూ అదే చెప్పాను. సీనియర్ని కదా, నమ్మారు. ఆమె నాలుగు నెలలు తీగలు ఊడదీసి అతికిస్తూనే ఉంది. ప్రతిసారీ మొదట తనకొచ్చిన గీతే వచ్చింది. చివరికి పరిశోధన మానేసి కళ్యాణదుర్గంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరింది. అంత చిన్న బిళ్లలో అంచు సుడిని తొందరగా వదలదని నేను తర్వాత వేరేవాళ్ల వ్యాసాల్లో చదివాను. చదివి పుస్తకం మూసేశాను. అది మొదటిదానికంటే పెద్ద తప్పు.

ఇప్పుడు నేనూ గైడునే. మొన్న నా విద్యార్థిని ఒకతె, కలవని రెండు గీతలు తెచ్చింది. నేనేమీ అనకముందే, తీగలు సరిగా అతికించలేదేమో సార్ అంది. నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే గైడుకూ, ఆ వ్యాసం అచ్చువేసిన పత్రికకూ ఉన్నదున్నట్టు రాసేశాను. నా డిగ్రీ ఉంటుందో పోతుందో తెలియదు.

ఆదివారం కళ్యాణదుర్గం బస్సెక్కాను. ఆమె ఇంటి వరండాలో నిలబడి, ఆనాటి ప్రశ్నకు జవాబు చెప్పాను. కొలవలేదు పాపా, అన్నాను.

ఆమె ఫర్వాలేదనలేదు. కూర్చోమనీ అనలేదు. ఒకటే అడిగింది.

"ఆ బిళ్ల ఇంకా ఉండాదా?"

ఉంది. నా దగ్గరే, డబ్బా మీద ఆమె చేతిరాతతోనే ఉంది. హీలియానికి ఈ పొద్దునే ఆర్డరు పెట్టాను.